కిటికీ పక్క సీటు

క్రెడిట్ కార్డులు అమ్మే కుర్రాడొకడు కాజీపల్లిలో మా మందుల కంపెనీ క్యాంటీన్‌కి వచ్చాడు. విమాన ప్రయాణాలకు పాయింట్లిచ్చే కార్డు గురించి చెప్పాడు. ఏడాదికి ఐదు వేలు ఫీజట.

"ఎయిర్‌పోర్టు లాంజ్‌ల తిండి ఫ్రీ సార్."

"ఈడ గూడ ఫ్రీయే. కూసో, తిను," అన్నాను.

నేను విమానం ఎక్కిందే లేదు. కానీ మా షిఫ్టులో ఒడిశా, బిహార్ వాళ్లు ఊరికి పోవాలంటే రైలు టికెట్లు నేనే బుక్ చేయాలి. డబ్బు నా చేతిలో పెట్టి, "భయ్యా, కిటికీ పక్క సీటు," అంటారు. అందుకే రైలు టికెట్లకు పాయింట్లిచ్చే వేరే కార్డు తీసుకున్నాను. దాని ఫీజు ఐదు వందలే.

"పోయేది వాళ్లు, పాయింట్లు నీకా?" అని మా ఆవిడ నవ్వింది.

"పొద్దుగాల తత్కాల్ కోసం ఫోన్‌తోటి కొట్లాడేది నేను గాదా?" అన్నాను.

నిరుడు ఆ పాయింట్లతోనే ఇద్దరం బరంపురం వెళ్లాం. మా షిఫ్టులో పనిచేసే ఒడియా ఆపరేటర్ చెల్లెలి పెళ్లి. స్టేషన్‌కి ఎదురొచ్చి, మా సంచీలు అందుకుంటూ అతను మొట్టమొదట అడిగిన మాట:

"భయ్యా, కిటికీ పక్క సీటు దొరికిందా?"