ఘట్‌కేసర్ దాకా

నాచారంలో మా కింది పోర్షన్‌లో ఉండే అక్క ఒంటిచక్రం సైకిల్ తొక్కేటప్పుడు ఎడమ చెయ్యి పక్కకు చాపి ఉంచేది. ఆ సైకిల్ జ్వరంతో చనిపోయిన ఆమె కూతురిది.

"మా బిడ్డ నా చెయ్యి పట్టుకునే నేర్సుకున్నది. ఇప్పుడు నేను దాని చెయ్యి పట్టుకున్న, చెల్లె" అనేది.

ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా ఆ సైకిల్ మీద పోవాలని ఆ పిల్లకు ఉండేదట. అందుకే ఈమె నలభై దాటాక, పడుతూ లేస్తూ, మోకాళ్లు చెక్కుకుపోతున్నా నేర్చుకుంది. ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. నేను స్కూటీ మీద వెనకాలే వెళ్లాను. వరంగల్ రోడ్డులో లారీలు రాసుకుంటూ పోతుంటే నేను హారన్ కొడుతూనే ఉన్నాను. ఆమె మాత్రం చూపు తిప్పలేదు. అలసిపోయినప్పుడు దిగి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కేది.

ఘట్‌కేసర్‌లో దిగగానే నేను చప్పట్లు కొట్టాను.

"వచ్చేసినం అక్కా!"

ఆమె రోడ్డు పక్కన కూలబడి, సైకిల్‌ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది.

"ఇన్ని దినాలు దానికోసం చేసేటి పని గిదొక్కటి మిగిలుండె. గిది గూడ అయిపోయింది. ఇగ రేపు లేసి నేనేం జెయ్యాలె?"

నేను ఆమె పక్కనే కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఆమె ఆ సైకిల్ ఎక్కడం నేను చూడలేదు.