బాబాయ్ లెక్కలో ఐదోవాడు

మా చిన్నప్పుడు... దుగ్గిరాల పక్కన మా ఊళ్ళో ఆదివారం చర్చికి పసుపు చేల మధ్య గట్టు మీదుగా వెళ్ళేవాళ్ళం. ఆ వానాకాలం, శ్రీలంక యుద్ధం నుంచి సెలవు మీద వచ్చిన యాకోబు బాబాయ్ ముందు... మేం నలుగురు పిల్లలం వెనక. బురదలో ఆయన వేసిన అడుగులోనే మేమూ అడుగు వేయాలి. పక్కకి జరగకూడదు.

మాకదో ఆట... ఆయన అంగలు పెద్దవి, మా కాళ్ళు పొట్టివి. గెంతుతూ, పడుతూ, కిసకిసా నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. చూపంతా నేల మీదే.

చర్చి గేటు దగ్గర ఆగి మా తలలు ముట్టుకుంటూ లెక్కపెట్టేవాడు. నాలుగు దాకా వచ్చాక, గట్టు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయేవాడు.

"నలుగురమే బాబాయ్!" అని నేను చెయ్యి లాగితే గానీ కదిలేవాడు కాదు. మిలిటరీలో లెక్కలు నేర్పరేమో అని చాటుగా ఎగతాళి చేసేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక ఆదివారం చెల్లి మేరీ తూనీగ కోసం గట్టు దిగింది...

"కదలొద్దు!"

ఆ అరుపుకి చేలో కొంగలన్నీ లేచిపోయాయి. చెల్లి కొయ్యబారిపోయింది. బాబాయ్ దాని అడుగుల్లోనే ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి ఎత్తుకొచ్చాడు. పసుపు చేలో ఏముంటుంది, మహా అయితే ఓ పాము... అనుకున్నాను. కానీ చర్చి దాకా ఆయన దాన్ని కిందికి దించకపోయేసరికి నాకూ భయమేసింది.

ఆ రోజే చర్చిలో ఆయనకి సన్మానం. నాయనమ్మ పట్టుబట్టి చొక్కాకి మెడల్ పెట్టించింది. పాస్టరుగారు కాగితం చూసి చదివారు... ఎదురుకాల్పుల మధ్య, మందుపాతరలు పాతిన చేలోంచి, తను ముందు నడిచి, తన అడుగుల్లో అడుగులు వేయించి, నలుగురు జవాన్లను ప్రాణాలతో బయటికి తెచ్చినందుకు ఈ మెడల్ అని.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. అది మా ఆట కదా...

"సాక్ష్యం చెప్పు నాయనా" అన్నారు పాస్టరుగారు.

బాబాయ్ లేచాడు. "నా ఎనకాల ఐదుగురు బయల్దేరారండి. వాన పడతా ఉంది... నా అడుగులు చెరిగిపోయినయ్యండి. ఆఖరోడికి కనపళ్ళేదు."

అంతే, కూర్చున్నాడు. అప్పటిదాకా మెడల్ చూసి మురిసిపోతున్న నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎవరమూ నవ్వలేదు. ఇంటి ముందు మమ్మల్ని లెక్కపెట్టి ఆయన మళ్ళీ గట్టు వైపు చూస్తుంటే, ఈసారి నేను చెయ్యి లాగలేదు.

ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు... అడుగు జాడే పడదు. మొన్న మేం నలుగురం, జుట్టు నెరిసినవాళ్ళం, బాబాయ్ వెనకే చర్చికి నడిచాం. గేటు దగ్గర చేతికర్ర ఆనించి లెక్కపెట్టాడు. నాలుగు... ఆ తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. మేమూ ఆగాం.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా... యుద్ధం నుంచి వచ్చి, రానివాళ్ళ కోసం ఇంకా ఎదురుచూసేవాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళ సంగతి ఇక్కడ చెప్పండి. రానివాళ్ళ పేర్లు తెలిస్తే అవి కూడా రాయండి.

మేం మాత్రం ఇన్నేళ్ళయినా, ఆ ఐదోవాడి పేరేంటని బాబాయ్‌ని అడగలేకపోయాం...