కాలు గీసిన ఆర్

పటాన్‌చెరులో కంప్యూటర్ బోర్డులు చేసే ఒక చిన్న యూనిట్‌లో నేనూ నా స్నేహితురాలూ డ్రాయింగులు వేసేవాళ్లం. అవి ఎనభైల చివరి రోజులు. పారదర్శకంగా ఉండే ఫిల్మ్ మీద నల్ల టేపుతో గీతలు అంటించి, ఇంగ్లీషు అక్షరాలను షీటు మీద నుంచి రుద్ది దింపేవాళ్లం. ఆ ఫిల్ము నుంచే బోర్డు మీద అచ్చు పడేది. ప్రతి రెసిస్టర్ పక్కనా ఆర్ ఉండాలి కాబట్టి షీటులో ఆ అక్షరం ముందే అయిపోయేది. అప్పుడు నేను పీ దింపి, దానికి పెన్నుతో కాలు గీసేదాన్ని.

పెళ్లయ్యాక ఆమె పని మానేసి, బొల్లారంలో భర్తతో కలిసి సొంత యూనిట్ పెట్టింది. కొన్నాళ్లకు మా ఓనర్ ఒక బోర్డు నా ముందు పెట్టారు.

"మన కస్టమర్ దీన్ని బయట చేయించుకున్నడు. ఎవలు చేసిండ్రో సూడమ్మా."

స్టెన్సిల్‌తో రాస్తే గీతల చివర్లు గుండ్రంగా వస్తాయి. ఇందులో పదునుగా ఉన్నాయి, అంటే రుద్ది దింపినవే. ఒక ఆర్ కాలు మాత్రం కొంచెం వంకరగా ఉంది. అది నా చేతి గీత. మా ఫిల్మునే ఎత్తుకుపోయి అచ్చు వేశారు.

మా ఫిల్ములు ఎక్కడుంటాయో తెలిసినవాళ్లలో సొంత యూనిట్ ఉన్నది ఆమెకే. ఆదివారం బొల్లారం వెళ్లి అడిగాను. ఆమె దాచలేదు.

"ఫిల్ము అడిగితే నువ్వు ఇయ్యవని తెలుసు. గందుకే అడగలె," అంది చాయ్ అందిస్తూ.

"నన్ను దొంగ అనుకుంటరని అనిపియ్యలేదానే నీకు?"

"నిన్నెవరంటరే? నీ మీద సార్‌కు మస్తు నమ్మకం."

చాయ్ ముట్టకుండా వచ్చేశాను. ఓనర్‌కు అంతా చెప్పాను. ఆయన నమ్మినట్టే తల ఊపారు. మర్నాటి నుంచి సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచి తెరిపించి చూడటం మొదలుపెట్టాడు. ఇంకెవరి సంచీ అడగలేదు.