పగిడయ్య చెప్పిన అంగుళం

పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న కోయగూడెం పగిడయ్యది. వెదురు బాణం చెయ్యాలంటే ఆయనే చెయ్యాలని నలభై ఏళ్ళు అందరూ అన్నారు. రెండేళ్ళుగా ఆ మాట ఎవరి నోటా రావడం లేదు. దానికి కారణం హాతీరాం.

హాతీరాంది పక్క తండా. పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. సెలవు రోజుల్లో ఇంటి ముందు రేకుల పందిట్లో బాణాలకు వాడే బోలు కార్బన్ కాడలు కోసి, వెదురు విల్లుకు సరిపోయేలా బాణాలు చేసిచ్చేవాడు. విలువిద్య పోటీలకు పోయేవాళ్ళంతా అక్కడే చేరేవారు. పగిడయ్య తమ్ముడి కూతురు భవాని, అంగన్‌వాడీ టీచరు, ఆమె కూడా అక్కడికే పోయింది. ఆ పిల్లకు తొమ్మిదో ఏట మొదటి బాణం చేసిచ్చింది పగిడయ్య. ఆమె కూడా అక్కడికి పోవడం ఆయనకు మింగుడు పడలేదు.

ఏదో ఒక తప్పు పట్టాలని ఒక ఆదివారం హాతీరాం దగ్గరికి వెళ్ళాడు. హాతీరాం ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, చిన్న మోటారుకు బిగించిన రాతిబిళ్ళ మీద కాడను తిప్పుతూ కోస్తున్నాడు. నల్లటి దుమ్ము రాలుతోంది. ఈకలు కట్టని ఆ కాడను, అక్కడే ఉన్న భవాని విల్లుతో గడ్డిమోపు మీదికి వేసింది. అది కుడివైపుకు వాలి గుచ్చుకుంది.

"కాడ ఇంకా మెత్తగుంది అన్నా, అందుకే కుడికి వాలింది. కొంచెం పొట్టి చేస్తే గట్టిపడ్తది," అన్నాడు హాతీరాం పగిడయ్యతో. పెసరగింజంత కోశాడు. భవానితో మళ్ళీ వేయించాడు. మళ్ళీ కోశాడు.

పగిడయ్య కోసిన కాడలన్నీ చేతిలోకి తీసుకుని చూశాడు. వెదురును మోకాలి మీద వంచి చూసి తాను చేసిన పని కూడా ఇదే. కానీ తాను పన్నెండు చేస్తే నాలుగు కుదిరేవి. ఇతనివి పన్నెండూ ఒక్కలాగే ఉన్నాయి. పట్టడానికి తప్పు దొరకలేదు.

భద్రాచలం పోటీకి నాలుగు రోజుల ముందు భవాని పగిడయ్య ఇంటికి వచ్చింది. "పెదనాయనా, బాణాలు ఇంకా కొంచెం కుడికే పోతున్నయ్. ఎంత కొయ్యమంటవ్?"

పెసరగింజంత చాలని పగిడయ్యకు తెలుసు. "అంగుళం తియ్యమను," అన్నాడు.

మర్నాడు భవాని ఆ మాట చెప్పేసరికి హాతీరాం డ్యూటీకి పోయే తొందరలో ఉన్నాడు. "పగిడన్న చెప్పిండా? ఆయన కన్ను తప్పదు," అని ఆరు బాణాలూ అంగుళం చొప్పున కోసేశాడు. వేసి చూడనే లేదు.

కాడలు మరీ గట్టిపడి, ఆ సాయంత్రం భవాని వేసిన బాణాలన్నీ ఎడమకు కొట్టుకుపోయాయి. గూడెంలో ఇద్దరు ముగ్గురు, "కార్బన్ గిట్లనే ఉంటది," అన్నారు. రెండేళ్ళ తరువాత పగిడయ్య చెవికి ఇంపైన మాట అది. అన్నం తృప్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా భార్య జంపక్క అంది: "హాతీరాం ఫోన్ చేసిండంట. తప్పు నాదే, చూసుకోకుండ కోసిన అని భవానికి చెప్పిండంట."

తన మీదికి నెట్టకుండా హాతీరాం తప్పంతా నెత్తిన వేసుకున్నాడు. అందులోనూ తనకంటే పెద్దవాడయ్యాడని పగిడయ్యకు ఇంకా మండింది. ఆ మంటలోనే సిగ్గు కూడా పుట్టింది.

తెల్లవారగానే తండాకు నడిచాడు. "కావాలనే ఎక్కువ చెప్పిన," అన్నాడు గుమ్మంలోనే.

హాతీరాం పందిట్లోకి మంచం లాగి వేశాడు. "ఎందుకన్నా?"

"అందరు నీ దగ్గరికే వస్తున్నరు."

భవాని రాత్రే పంపిన బాణాల కట్టను హాతీరాం తెచ్చి ముందు పెట్టాడు. "కోసింది అతకదు గదా. ఇప్పుడేం చేద్దాం?"

"మొన దగ్గర బరువు పెంచితే మళ్ళ మెత్తబడ్తది. వెదురుకు పెద్ద ములికి పెట్టి గట్లనే చేసేటోన్ని."

కాడ లోపల బోలు. ములికి ఊడదీసి, దాని వెనక ఇత్తడి ముక్క దూర్చారు. చిన్న కాటాలో ఆరింటినీ సమంగా తూచారు. భవానిని పిలిచి వేయించారు. మూడోసారి ఇత్తడి అరగదీశాక బాణం నిటారుగా దిగింది. కావాలనే అంగుళం చెప్పిన సంగతి పగిడయ్య ఆమెకూ చెప్పాడు. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

భద్రాచలం పోటీలో భవానికి మూడో స్థానం వచ్చింది. బాణాలు ఎవరివని అడిగితే, "హాతీరాం అన్నవి," అంది. జనంలో నిలబడ్డ పగిడయ్య తన పేరు కూడా వస్తుందేమోనని ఇంకాసేపు చెవి ఒగ్గాడు.

ఇప్పుడు ఆదివారాలు పగిడయ్య తండాకు పోతాడు. హాతీరాం కోస్తాడు, బాణం ఎటు వాలిందో పగిడయ్య చెబుతాడు. వచ్చినవాళ్ళు ముందు హాతీరాంకే దండం పెడతారు. అప్పుడు పగిడయ్య గడ్డిమోపు వైపు తిరిగి, గుచ్చుకున్న బాణాలు ఒక్కొక్కటే పీకుతుంటాడు.