హదాసాగారి ‘మేము’

హదాసాగారు షికాగో పక్కన స్కోకీలో, మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఆమె హీబ్రూ కవి. పద్నాలుగేళ్ళ వయసులో తండ్రితో లిథువేనియా నుంచి ఓడెక్కి వచ్చారు. అక్కడ ఉండిపోయిన ఇద్దరన్నల్నీ రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు చంపేశారు. ఇక్కడ పగలు ఒక లాయరు ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తూ, సాయంత్రాలు కవిత్వం రాశారు, అమెరికన్ కవుల్ని హీబ్రూలోకి అనువదించారు. చదివేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే.

“ఇంగ్లీష్‌లో రాయొచ్చు కదా ఆంటీ?” అని బంధువుల అబ్బాయి ఎవరైనా అడిగితే, “ఇంగ్లీషుకి కవులు బోలెడంతమంది. నేను లేకపోతే దానికేం లోటు?” అనేవారు.

1979లో పెళ్ళయి వచ్చిన నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. ఉన్నదల్లా వాల్తేరులో చదివిన తెలుగు ఎమ్మే. ఒకరోజు మెయిల్‌బాక్సుల దగ్గర ఆమె నన్ను ఆపారు.

“రోజంతా ఏం చేస్తావు నళినీ?”

“మా భాషలో కవిత్వం చదువుకుంటాను.”

“అయితే రేపు కిందికి రా. మా భాషలోనూ చదువుదువుగాని.”

మా ఆయన శ్యామ్‌సుందర్ పగలబడి నవ్వాడు. “ఇంగ్లీష్ ఇంప్రూవ్ చేసుకుంటావనుకుంటే హీబ్రూ మొదలుపెట్టావా!”

ఆమె వంటింటి బల్ల దగ్గర కుడి నుంచి ఎడమకు చదవడం నేర్చుకున్నాను. తప్పు చదివితే ఊరుకునేవారు కాదు. ఆ పంక్తి మళ్ళీ మొదటినుంచీ చదవాల్సిందే. మూడో ఏడు ధైర్యం చేసి, ఆమె కవిత ఒకటి తెలుగులో పెట్టడానికి కూర్చున్నాను. చలికాలంలో గడ్డకట్టిన నదిని కోసి, ఆ మంచుదిమ్మల్ని వేసవి దాకా రంపపు పొట్టులో దాచుకునే వాళ్ళ ఊరి కవిత అది. మొదటి మాటకే నా కలం ఆగిపోయింది.

“ఇక్కడ ‘మనం’ అనాలా, ‘మేము’ అనాలా?”

“తేడా ఏమిటి?”

“‘మనం’లో వినేవాళ్ళు కూడా ఉంటారు. ‘మేము’లో ఉండరు.”

హీబ్రూలో రెండింటికీ ఒకటే మాట. హదాసాగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

“ముప్ఫయ్యేళ్ళ క్రితం రాశాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు,” అన్నారు. “మేము. నేనూ, మా అన్నలూ.”

మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి మా తలుపు తట్టారు. “ఆఖరి పంక్తిలో మాత్రం మార్చు. నీళ్ళు తాగే చోట ఆ ఇంకో మాట కావాలి. అందరూ ఉండేది.”

అలా ఆ కవిత తెలుగైంది: “మేము నదిని కోసి దాచాం. వేసవి వచ్చింది, మనం తాగుదాం.”

1983 ఉగాదికి తెలుగు సంఘం ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంది. ఆ కవిత అక్కడ చదువుతామంటే కార్యదర్శి రాధాకృష్ణగారు సందేహించారు. “ఇంగ్లీష్‌లో ఎక్స్‌ప్లెయిన్ చేస్తే బెటరేమో అమ్మా?”

“వద్దండీ. ఆవిడ హీబ్రూలో చదువుతారు, నేను తెలుగులో.”

నీలం కోటు వేసుకుని, వెన్ను నిటారుగా నిలబెట్టి హదాసాగారు చదివారు. ఆమె గొంతు చివరి వరసదాకా వినిపించింది. తరవాత నేను చదివాను. కూతురి దగ్గరికి వచ్చివున్న సీతమ్మగారు ముందు వరసలోంచి లేచారు.

“ఆ ‘మేము’లో ఎవరెవరున్నారు తల్లీ?”

ఆ ప్రశ్నను హీబ్రూలో చెప్పాను. “ఏలీ, నాథన్, నేను,” అన్నారు హదాసాగారు. సీతమ్మగారు ఆ పేర్లను మెల్లగా పైకి పలికారు. హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్ల మధ్య హదాసాగారు తల వంచలేదు.

రెండేళ్ళకు ఆమె కవితల సంపుటి వచ్చింది. ఆ నది కవిత పక్కన నా అనువాదం కూడా వేస్తేనే పుస్తకం ఇస్తానని ప్రచురణకర్త దగ్గర పట్టుబట్టారట. కుడి పేజీలో హీబ్రూ, ఎడమ పేజీలో తెలుగు. రెండు భాషల పంక్తులూ చెరో అంచున బయల్దేరి పుస్తకం నడిమికి వస్తాయి. పుస్తకాల కట్ట అందిన రోజు హదాసాగారు మా బిల్డింగ్‌లో ప్రతి తలుపూ తట్టి, ఒక్క అక్షరం చదవలేని వాళ్ళకు కూడా ఆ పేజీలు విప్పి చూపించారు.

“ఇది నేను రాశాను. ఇది మా నళిని రాసింది.”