ఆవిరక్క దుప్పట్లు

"బడ్జెట్‌లో లోటు పూడ్చాలట తమ్ముడూ. పూడ్చుకోమను, ఎవరొద్దన్నారు? మన్ను లేదా? మా ఆసుపత్రి దుప్పట్లే దొరికాయా?"

పొయ్యి మీది పెద్ద గిన్నెలో ఉడుకుతున్న దుప్పటిని ఆవిరక్క కర్రతో లోపలికి నొక్కుతోంది. పక్క వాటాలో ఉండే నేను, కిటికీలోంచి పొగలు చూసి కంగారుగా వచ్చాను. ఉన్న ఒక్క గదీ ఆవిరితో నిండిపోయి గోడలకు చెమట పట్టింది.

పెళ్లయిన ఏడాది నుంచీ ఆమె పెద్దాసుపత్రిలో బట్టలుతికేచోట, ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసింది. ఆ పేరు అలా వచ్చిందే. కిందటి బడ్జెట్‌లో ఖర్చులు కోసెయ్యమన్నారు. బాయిలర్ ఆర్పేసి, ఉతుకుడు బయటి కాంట్రాక్టరుకిచ్చి, ఈమెను ఇంటికి పంపేశారు.

"పని పోయిన రోజు ఏడవలేదు నేను. మొన్న నా కూతురి మంచం చూశాక ఏడ్చాను. కోసి బిడ్డను తీశారు, కుట్లింకా పచ్చిగానే ఉన్నాయి. దాని కింద దుప్పటి మీద ఎవరిదో నెత్తురు మరక. చన్నీళ్లలో ముంచి తెచ్చారంతే. పక్క మంచం పిల్లకు అప్పటికే కుట్లు చీము పట్టాయి."

"అడగలేకపోయావా అక్కా?"

"అడక్కేం? ఆ దుప్పటి లాక్కెళ్లి పెద్ద డాక్టరు బల్ల మీద పరిచాను. 'దీని మీద ఓ కునుకు తియ్యండి బాబూ, లేచాక మాట్లాడుకుందాం' అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"పైనుంచి డబ్బు రావట్లేదమ్మా అన్నాడు. నిజమే అయ్యుంటుంది. నన్ను మళ్లీ గేటు లోపలికి రానివ్వొద్దని మాత్రం కాపలావాడికి చెప్పి పంపాడు. దానికి డబ్బక్కర్లేదుగా."

టీవీలో మంత్రిగారు అందరూ కాస్త ఓర్చుకోవాలన్నారట. ఆ మాట తలుచుకుని కర్రతో గిన్నెను ఒక్క పోటు పొడిచింది.

"అందరూ అంటే ఎవరు? వాళ్ళింటి బాలింతలు ఏ దుప్పటి మీద పడుకున్నారో చెప్పమను."

తాడు మీది రెండు దుప్పట్లు తీసి, తడి ఉందేమోనని చెంపకు ఆనించి చూసి, మడతపెట్టి మూట కట్టింది. మూట నా చేతిలో పెట్టింది.

"నువ్వెవరో వాళ్లకు తెలీదు. రోగుల్ని చూడ్డానికి లోపలికి వదిలే వేళయింది, వెళ్లు. ఒకటి నా కూతురికి, ఒకటి ఆ పక్క పిల్లకి పరిపించు. మాసినవి అక్కడొదిలెయ్యకు, పట్టుకొచ్చెయ్. పొయ్యి ఆర్పకుండా ఉంచుతాను."