రేవాల్ నడక

మా పక్కింటి మావయ్య మొన్న ఉదయం పోయారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి గుర్రాన్ని పెంచడమేమిటని నవ్వినవాళ్లు మాత్రం బోలెడుమంది. నేనూ నవ్వాను, ఆ గుర్రం ఎక్కేదాకా.

అది కాఠియావాడీ ఆడగుర్రం. ఊరు వదిలి వెళ్తూ ఒక గుజరాతీ కాంట్రాక్టరు ఆయనకు అప్పజెప్పాడు. దాని చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేవి. "ఎండదేశం జాతే ఇది. గడ్డి తక్కువైనా, నీల్లు తక్కువైనా ఓర్సుకుంటాది. మాట మటుకు పడదు," అనేవారు మావయ్య. అన్నిటికన్నా దాని నడకంటే ఆయనకు ప్రాణం. మామూలు గుర్రం దౌడు తీస్తే పైనున్న మనిషి ఎగిరెగిరి పడతాడు. ఇది నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, కుదుపు లేకుండా జోరుగా పోయేది. ఆ నడకను రేవాల్ అంటారు. నాకు పదేళ్లప్పుడు నన్ను దానిమీద కూర్చోబెట్టి, చేతిలో నిండు టీ గ్లాసు పెట్టారు.

"ఏటే గుంటా, అలా బిగుసుకుపోతావేటి? సుక్క ఒలికితే నా పేరు మార్సీ!"

గ్రౌండంతా తిప్పారు. చుక్క ఒలకలేదు.

"ఇది ఒకలు నేర్పింది కాదే. తల్లి కడుపులోంచి తెచ్చుకుంది. పాడుసెయ్యడమొక్కటే మన సేతిలో పని," అన్నారు దింపుతూ.

పాడుచేసింది మేమే.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్లలో పెళ్లికొడుకుని గుర్రమెక్కించే ఆచారం లేదు. ఇక్కడి బారాత్‌లు చూసి చూసి మా అన్నయ్యకు మోజు పుట్టింది. నాన్న వెళ్లి అడిగారు. మావయ్య దాని మెడ నిమిరారు.

"బాజా ఎరగదు బావా ఇది... అచ్ఛా, పిల్లడి ముచ్చట కదా. తీసుకెల్లండి."

ఊరేగింపు లెవెల్ క్రాసింగ్ దాటుతుండగా బ్యాండువాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు. గుర్రం బెదిరింది. అన్నయ్య భయపడి కళ్లెం గుంజాడు. దాని ముందరి కాలు రైలుపట్టా పక్క సందులో ఇరుక్కుంది. "వొదిలీ బాబూ, కల్లెం వొదిలీ!" అని మావయ్య అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. ఆ మోతలో ఎవడికి వినపడుతుంది?

కాలు మానింది గాని నడక తిరిగి రాలేదు. ఆయన రోజూ ఆవనూనె రాసి, నాలుగడుగులు నడిపించి, ఆ అడుగుల చప్పుడు చెవి పెట్టి వినేవారు. మళ్లీ నడిపించేవారు. అలా ఏళ్లు గడిచాయి. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఒకరోజు ఉండబట్టలేక, "మావయ్యా, మా వల్లే కదా ఇదంతా," అని ఏడ్చేశాను.

"మీరేటి సేసినారే? కాదనలేని నోరు నాది," అన్నారు.

మొన్న దహనం ముగించుకొచ్చాక వాళ్లబ్బాయి గుర్రం పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాన్న నీకే ఇమ్మన్నాడక్కా."

"నాకెందుకురా? గుర్రం గురించి నాకేం తెలుసు?"

వాడు తల దించుకున్నాడు. "నానూ అదే అడిగినాను. 'ఆల్లైతే ఇంక దీన్ని ఎవరికీ ఎరువియ్యరు' అన్నాడు."

గుర్రం ఆయన బయటికొచ్చే గుమ్మం వైపే చూస్తూ, దెబ్బతిన్న కాలు కాస్త ఎత్తిపెట్టి నిలబడింది. పగ్గం లాగడానికి నాకు చెయ్యి రాలేదు. పొద్దు వాలేదాకా నేనూ అదీ అక్కడే ఉన్నాం.